కంటిపాపల మధ్య దూరం

మొదటిరోజు ఆ గదిలోకి అడుగుపెట్టగానే కళ్ళజోడు వెనక్కి వెళ్ళి తలుపు మీది నంబరు మళ్ళీ చూసుకున్నాడు.

నంబరు సరైనదే. గదే క్లాసురూములా లేదు. బెంచీలు లేవు, బోర్డు లేదు. నేలంతా పసుపుపచ్చ టేపు అంటించి గళ్ళు గీశారు. ఒక్కో గడిలో ఒక స్టూలు, పక్కన కంప్యూటరు, దాన్నుంచి వేలాడే పొడుగాటి వైరు, ఆ వైరు చివర గుర్రాలకి కట్టే గంతల్లాంటి హెడ్‌సెట్టు. ఒక గడిలో ఎవరో సీనియరు ఆ గంతలు కట్టుకుని, లేని తలుపు తీసి, లేని గుమ్మం దాటి, లేని మనిషికి ఎంతో మర్యాదగా నమస్కారం పెడుతున్నాడు.

'దీనికి మార్కులు కూడా ఇస్తారా!' అని కళ్ళజోడు లోలోపల పొంగిపోయాడు.

అతన్ని కళ్ళజోడు అంటారు గానీ అతనికి కళ్ళజోడు లేదు. వాళ్ళమ్మకి కళ్ళద్దాల షాపుంది. సాయంత్రాలు కౌంటరు వెనక నిలబడి వచ్చేపోయేవాళ్ళ ముక్కుల మీద ఫ్రేములు సర్దుతుంటాడు. పేరు పెట్టడానికి స్నేహితులకి అంతకన్నా ఆధారం అక్కర్లేదు కదా. మనిషి పొడుగు, మొహం విశాలం. బుర్ర చురుకైనదే గానీ దాన్ని వాడే విషయంలో మహా పొదుపరి. వర్చువల్ వరల్డ్స్ అనే ఈ కోర్సు ఎందుకు తీసుకున్నావని అడిగిన వాళ్ళకి అతను చెప్పిన కారణం ఒక్కటే.

"గేములాడితే పాస్ చేస్తారట్రా! ఇంకేం కావాలి?"

"ఒక్కో గడిలో ఇద్దరు," అన్నారు మేడమ్. ఆవిడ గొంతు చిన్నది, చూపు పెద్దది. "ఒకరు హెడ్‌సెట్టు పెట్టుకుంటారు. రెండోవాళ్ళు కాపలా. వైరు కాళ్ళకి చుట్టుకోకుండా, మనిషి గోడకి గుద్దుకోకుండా చూసుకోవాలి. సెమిస్టరంతా మీ జంట ఇదే. నేనేదైనా ఒక్కసారే చెప్తాను. రెండోసారి అడిగారంటే, మొదటిసారి వినలేదని మీరే ఒప్పుకున్నట్టు."

ఆలస్యంగా వచ్చినవాడికి మిగిలింది మూల గడి. అక్కడ అప్పటికే ఒకమ్మాయి హెడ్‌సెట్టుని రెండు చేతులతో గుండెకి హత్తుకుని నిలబడి ఉంది. అతని భుజం దాకా కూడా రాదు.

"హలో. అది ఇలా ఇవ్వండి," అన్నాడు కళ్ళజోడు.

"ఎందుకివ్వాలి?"

"ముందు నేను పెట్టుకుని ఎలా పనిచేస్తుందో చూపిస్తా. కొత్తవాళ్ళకి కొంచెం కన్ఫ్యూజన్‌గా ఉంటుంది."

"మీరు పాతవారా?"

"అంటే... గేములాడిన ఎక్స్‌పీరియెన్స్ ఉంది."

"నాకు టైముకి వచ్చిన ఎక్స్‌పీరియెన్స్ ఉంది. మీరు చెమటలు కక్కుతూ ఇప్పుడొచ్చారు, నేను అరగంట ముందొచ్చి ఈ గడి వెతుక్కున్నా, ఈ స్టూలు తుడుచుకున్నా, దీనికున్న దుమ్ము కూడా నేనే దులిపా, ఇప్పుడొచ్చి ఇలా ఇవ్వండి అంటే ఇచ్చేస్తారా ఎవరైనా, మీరైతే ఇస్తారా?"

ఊపిరి తీసుకోవడానికి కూడా ఆగలేదు. ఆమె మాట ఒకసారి బయల్దేరితే మధ్యలో ఎక్కడా స్టేషన్లు ఉండవు. అందుకే కాలేజీలో ఆమెని ఎక్స్‌ప్రెస్ అంటారు.

ఇద్దరూ గొంతు తగ్గించి పోట్లాట సాగించారు. వాళ్ళ వెనక మేడమ్ హెడ్‌సెట్టు పైకెత్తి చూపిస్తూ ఏదో వివరంగా చెప్పారు. అందరూ తమ తమ హెడ్‌సెట్లు తిరగేసి చూసుకున్నారు. మూల గడిలో మాత్రం యుద్ధం ఇంకా తేలలేదు.

చివరికి ఎక్స్‌ప్రెస్సే దిగి వచ్చింది. "సరే, మీరే పెట్టుకోండి. మీరు గోడకి గుద్దుకుంటే చూసి నేర్చుకుంటా."

కళ్ళజోడు దర్జాగా పెట్టుకున్నాడు. గది మాయమైంది. చుట్టూ గడ్డి, దూరంగా కొండలు, పైన మబ్బులు. అద్దం తుడిచినట్టు ఎంత స్పష్టంగా ఉందంటే, అతనికి నిజంగా చల్లగాలి తగిలినట్టే అనిపించింది. నోరు వెళ్ళబెట్టి అలాగే నిలబడ్డాడు. అప్పుడు కిందికి చూశాడు.

"అయ్యో! నా కాళ్ళేవీ?"

"ఉన్నాయి," అంది ఆమె. "నా కాలి మీదున్నాయి. తీస్తారా?"

తర్వాత ఆమె వంతు. పెట్టుకుని రెండడుగులు వేసిందో లేదో, చెయ్యి చాచి అతని చొక్కా గట్టిగా పట్టుకుంది. "తీసెయ్... తీసెయ్..." అంటూ హెడ్‌సెట్టు ఊడబెరికి స్టూలు మీద కూలబడింది. మొహం తెల్లగా పాలిపోయింది.

"ఏంటి, ఎక్స్‌ప్రెస్ అప్పుడే ఆగిపోయిందా?" అన్నాడు కళ్ళజోడు. "గాజుబొమ్మలా ఉన్నారే!"

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నోరు తెరిస్తే ఏమవుతుందో ఆమెకి తెలుసు.

*

వారం తిరిగేసరికి మీరు కాస్తా నువ్వు అయిపోయింది. పోట్లాటకి నువ్వు అయితేనే బాగుంటుంది మరి.

మేడమ్ ఇచ్చిన పని ఇది: ప్రతి ఒక్కరూ తన జంటమనిషి కోసం ఒక చోటు కట్టాలి. ఇల్లో వీధో అడవో వాళ్ళిష్టం. చివర్లో ఆ జంటమనిషి ఆ చోట్లోకి వెళ్ళి, ఒక పీరియడంతా హెడ్‌సెట్టు తియ్యకుండా అక్కడే ఉండాలి. ఉండలేకపోతే కోర్సు మార్చుకోవాల్సిందే. "సొంతంగా ఉండలేని లోకాన్ని ఇంకొకరికి కట్టిపెట్టడం కుదరదు," అన్నారు మేడమ్.

కట్టడంలో ఎక్స్‌ప్రెస్‌ని మించినవాళ్ళు క్లాసులో లేరు. స్క్రీను ముందు కూర్చుంటే చేతులు కనిపించవు. ఎండ ఏ వేళకి ఏ గోడ మీద పడుతుందో, తడిసిన మెట్టు ఎంత మెరవాలో ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. హెడ్‌సెట్టు పెట్టుకుంటే మాత్రం అంతా తలకిందులు. అన్నీ రెండేసిగా కనిపిస్తాయి, నేల ఊగుతుంది, కడుపులో దేవుతుంది. ప్రతిసారీ కళ్ళజోడే ముందు హెడ్‌సెట్టు పెట్టుకుని హాయిగా తిరిగొచ్చి ఆమెకిచ్చేవాడు. ఆమె పెట్టుకుని రెండు నిమిషాలకే పంపు దగ్గరికి పరిగెత్తేది. అతను నీళ్ళసీసా పట్టుకుని వెనకే వెళ్ళేవాడు. అంతవరకూ మంచివాడే. అక్కడ నోరు మూసుకుని ఉంటే ఇంకా మంచివాడయ్యేవాడు.

"గాజుబొమ్మగారూ, ఈసారి రికార్డు! కొండ దాకా వెళ్ళారు."

"నవ్వు, బాగా నవ్వు," అంది ఆమె ఒకరోజు మొహం కడుక్కుంటూ. "నీకేం, ఆటకొచ్చావు. నేను కామర్స్ వదిలేసి వచ్చాను. ఇంట్లో మూడ్రోజులు అన్నం మానేసి సాధించుకున్నాను. మా అన్నయ్య ఏమన్నాడో తెలుసా? బొమ్మరిళ్ళు కట్టుకునే వయసు దాటిపోయింది, వచ్చి నా ఆఫీసులో అకౌంట్స్ చూసుకో అన్నాడు. ఇందులో తప్పితే అదే గతి. నాకు లెక్కలొచ్చు. బాగానే వచ్చు. కానీ అవి చూస్తూ బతకాలని లేదు."

కళ్ళజోడు నవ్వు ఆగిపోయింది. నీళ్ళసీసా మూత తీసి ఆమెకి అందించాడు.

ఆ రోజు నుంచి అతను తన చోటుని ఒళ్ళు దగ్గరపెట్టుకుని కట్టడం మొదలుపెట్టాడు. వాన పడినప్పుడల్లా ఆమె కారిడార్లో ఆగిపోవడం అతను గమనించాడు. ఎంత తొందరలో ఉన్నా సరే, మాట కూడా ఆపేసి కాసేపు చూసి గానీ కదలదు. అందుకని వాన పెట్టాడు. ఒక వసారా, ఒక తలుపు, లోపల సన్నటి నడవా, నడవా చివర వీధి వైపు తెరిచిన కిటికీ గది. గేములాడి పాసైపోదామని వచ్చిన మనిషి, చూరు నుంచి చినుకు ఎలా జారాలో తేల్చుకోవడానికి గొడుగేసుకుని పక్కింటి చూరు కింద నిలబడ్డాడు. పక్కింటివాళ్ళు రెండుసార్లు బయటికొచ్చి ఏం కావాలి బాబూ అని అడిగారు.

పరీక్ష అతనికి ఆమెకంటే ఒకరోజు ముందు వచ్చింది. ఎక్స్‌ప్రెస్ అతని కోసం ఒక సందు కట్టింది. చక్కటి సందు. రెండు వైపులా ఇళ్ళు, పూలకుండీలు, ఆరేసిన బట్టలు. ఒక్కటే ఇబ్బంది. సందుకి అడ్డంగా వచ్చే ప్రతి గుమ్మమూ అతని నుదుటికంటే పొట్టి. తల వంచితే గానీ దారి లేదు. ఒకటి వంగి దాటాడు, రెండోది వంగి దాటాడు, మూడోదానికి నడుం పట్టుకున్నాడు. బయట నుంచి చూసేవాళ్ళకి అతను ఖాళీ గడిలో గుండ్రంగా తిరుగుతూ గాలికి దణ్ణాలు పెడుతున్నట్టుంది. క్లాసంతా పొట్టలు పట్టుకుని నవ్వింది.

చివరి గుమ్మం దగ్గర అలవాటు కొద్దీ వంగబోయి ఆగాడు. అది ఎత్తుగా ఉంది. సరిగ్గా అతని కోసం కొలిచి పెట్టినట్టుంది. తల నిటారుగా పెట్టుకుని దాటితే, అటు పక్కన ఆకాశం.

"ఆ చివరిదొక్కటే ఎందుకంత ఎత్తుగా పెట్టావు?" అని తర్వాత అడిగాడు.

"అక్కడికొచ్చేసరికి పొగరు తగ్గి ఉంటుందని," అంది ఆమె.

అని నవ్వింది. ఆ నవ్వు చూశాక కళ్ళజోడుకి ఆకలి వెయ్యలేదు, స్నేహితులు పిలిస్తే వినపడలేదు. ఇదేమిటో అతనికి తెలుసు. తెలిసి చాలా భయమేసింది.

భయం కాసేపటికే ఇంకో రూపంలో నిజమైంది. మర్నాడు తన పరీక్ష కాబట్టి ఎక్స్‌ప్రెస్ అతను కట్టిన చోట్లోకి ఒకసారి వెళ్ళి చూస్తానంది. వసారా దాటి తలుపు మీద చెయ్యి వేసిందో లేదో, కళ్ళు బైర్లు కమ్మి పడబోయింది. అతను పట్టుకున్నాడు.

చాలాసేపు స్టూలు మీద తల వంచుకుని కూర్చుంది. తర్వాత మెల్లగా, ఆమె ఎప్పుడూ మాట్లాడనంత మెల్లగా అంది.

"ఇక చాలు. రేపు పొద్దున్నే మేడమ్‌కి చెప్పేస్తా, మానేస్తున్నానని."

"ఇంకొక్కసారి..."

"వద్దు. నువ్వన్నది నిజమే. నేను గాజుబొమ్మనే."

సరదాకి పెట్టిన పేరు ఆమె నోట వినేసరికి అతనికి తన నాలుక మీద తనకే కోపం వచ్చింది.

*

ఆ సాయంత్రం కళ్ళజోడు కౌంటరు వెనక కూర్చుని ఒకే స్క్రూని బిగించి, విప్పి, మళ్ళీ బిగిస్తున్నాడు. ఆమెకి ఫోను చేశాడు. స్విచ్ఛాఫ్.

అప్పుడే ఒక పెద్దాయనా ఆయన భార్యా షాపులోకి వచ్చారు. పెద్దాయన గోడ పట్టుకుని నడుస్తున్నాడు.

"ఇదేం అద్దాలమ్మాయ్ నువ్విచ్చినవి? నిన్న బాగానే ఉన్నాయి. పొద్దుట్నుంచి మెట్లు నా మీదికొస్తున్నాయి. అక్షరాలు రెండేసి కనపడుతున్నాయి. కడుపులో ఒకటే తిప్పడం."

"నేను టిఫిన్‌లో ఏదో కలిపానని నా మీద పడ్డాడు," అంది భార్య.

అమ్మ ఆ కళ్ళద్దాలు తీసుకుని, చిన్న స్కేలు పెట్టి చూసి, ఆవిడవి కూడా అడిగి తీసుకుని చూసింది. నవ్వాపుకుంటూ రెంటినీ అటూ ఇటూ మార్చి ఇచ్చింది.

"బాబాయ్‌గారూ, మీరు పొద్దుట్నుంచీ పిన్నిగారివి పెట్టుకుని తిరుగుతున్నారు. ఫ్రేమొకటే, పవరొకటే. కానీ ఇద్దరి కంటిపాపల మధ్య దూరం ఒకటి కాదుగా! మేం పీడీ అంటాం. మీకు ఎడం ఎక్కువ, పిన్నిగారికి తక్కువ. అద్దం మధ్యభాగం పాపకి ఎదురుగా లేకపోతే తల తిరక్క ఏమవుతుంది?"

"అదా సంగతి!" అంది ఆవిడ. "పొద్దుట్నుంచి ఈయన నాకు ఇద్దరుగా కనిపిస్తున్నాడు. ఒక్కడితోనే వేగలేక చస్తుంటే!"

కళ్ళజోడు చేతిలోంచి స్క్రూడ్రైవరు కింద పడింది.

ఎడం ఎక్కువ. ఎడం తక్కువ. తన మొహం వెడల్పు, ఆమెది చిన్న మొహం. అన్నీ రెండేసి కనిపించడం. కడుపులో తిప్పడం. హెడ్‌సెట్టు కూడా కళ్ళజోడే కదా! వైరున్న కళ్ళజోడు. ఈ కౌంటర్లో నిలబడి ఊళ్ళో సగం మంది పీడీ కొలిచినవాడు, ఆమె ముక్కు మీద అదృష్టంకొద్దీ తన కొలతకి కుదిరిన కళ్ళద్దాలు పెట్టి, పడిపోతుంటే నవ్వాడు.

వెంటనే ఒక క్లాస్‌మేట్‌కి ఫోను కొట్టాడు. "ఒరేయ్, హెడ్‌సెట్టులో కళ్ళ మధ్య ఎడం మార్చడానికి ఏమైనా ఉందా?"

"కింద చిన్న చక్రం ఉంటుందిగా. మనిషి మారినప్పుడల్లా తిప్పుకోవాలని మేడమ్ మొదటిరోజే చెప్పారు. వినలేదా?"

వినలేదు. ఎందుకు వినలేదో కూడా గుర్తొచ్చింది.

"ఏరా, స్క్రూ పోయిందా?" అంది అమ్మ.

"మతి పోయిందమ్మా," అన్నాడు కళ్ళజోడు.

*

పొద్దున్నే వాన. కారిడార్లో మేడమ్ గది బయట ఎక్స్‌ప్రెస్ నిలబడి ఉంది. ఆమె వాన వైపు చూడటం లేదు.

దారి పొడుగునా కళ్ళజోడు ఒక మాట సిద్ధం చేసుకుంటూ వచ్చాడు. 'రాత్రంతా ఆలోచించి నీ కోసం ఒక సొల్యూషన్ కనిపెట్టా' అని. అలా అంటే ఎంత గొప్పగా ఉంటుంది! ఆ చక్రాన్ని గుట్టుగా తిప్పేస్తే తప్పెవరిదో ఎవరికీ తెలియదు, పైగా హీరో అయిపోతాడు. కానీ ఆమె ఉబ్బిన కళ్ళు చూసేసరికి ఆ మాట గొంతులోనే చచ్చిపోయింది.

"నేను గాడిదని," అన్నాడు ఆయాసపడుతూ.

"తెలుసు. కొత్త విషయమేదైనా ఉంటే చెప్పు."

చెప్పాడు. పీడీ, చక్రం, షాపు, పెద్దాయన, అన్నీ. దాచకుండా, కలపకుండా చెప్పాడు. ఆమె వింటూ వింటూ గోడకి ఆనుకుంది.

"అంటే నాకేం జబ్బు లేదు."

"లేదు."

"నాకు చేతకాకపోవడం కాదు."

"కాదు. చేతకానివాణ్ణి నేను."

"మరి ఆ షాపులో నువ్వు చేసేదేమిటి, ఈగలు తోలడమా?" ఆమె గోడ వదిలి ఒకడుగు ముందుకొచ్చింది. "ఇన్నాళ్ళూ అన్నయ్య చెప్పిందే నిజమనుకున్నా. రాత్రి వాడికి ఫోన్ చేసి వచ్చేస్తానని కూడా చెప్పేశా. ఎంత ఏడ్చానో తెలుసా నీకు?"

అతను తల దించుకున్నాడు. ఆమె ముక్కు తుడుచుకుని అడిగింది.

"మేడమ్ ఎందుకు చెప్పలేదు ఈ చక్రం సంగతి?"

"చెప్పారట. మొదటిరోజే. అందరూ విన్నారు."

"మనమెందుకు వినలేదు?"

"అప్పుడు మనం... ఎవరు ముందు పెట్టుకోవాలా అని పోట్లాడుకుంటున్నాం."

ఆమె అతని వైపు చూసింది. పెదవులు బిగబట్టింది. ఇక ఆపుకోలేక పకపకా నవ్వేసింది. ఏడుపూ నవ్వూ కలిసిపోయి వెక్కిళ్ళు వచ్చాయి.

"అయితే సగం తప్పు నాది."

"లేదు, మొత్తం..."

"సగమంటే సగమే. లెక్కల్లో నాతో పెట్టుకోకు, కామర్స్ మనిషిని. ఎంతసేపుంది పరీక్షకి? కొలువు నా పీడీ."

కళ్ళజోడు జేబులోంచి స్కేలు తీశాడు. ఇది కొలవడానికి పద్ధతి ఒకటుంది. ఎదురెదురుగా, చేతికందేంత దూరంలో నిలబడాలి. స్కేలు ముక్కు మీద పెట్టాలి. కొలిచేవాడు ఒక కన్ను మూసుకుని, తెరిచి ఉన్న తన కంట్లోకి చూడమనాలి. తర్వాత రెండో కన్ను. ఎందరికో చేశాడు. ఎప్పుడూ ఏమీ కాలేదు.

"నా ఎడమ కంట్లోకి చూడు," అన్నాడు.

చూసింది.

స్కేలు వణికింది. ఒక అంకె వచ్చింది. మళ్ళీ కొలిస్తే ఇంకో అంకె. మూడోసారి అసలు అంకెలే కనపడలేదు.

"ఏమైంది?" అంది ఆమె, అమాయకంగా.

"వెలుతురు సరిగ్గా లేదు."

"నా కళ్ళ మీదికైతే బాగానే పడుతోందే!"

గత్యంతరం లేక అమ్మకి ఫోను చేసి స్పీకర్లో పెట్టాడు. "అమ్మా, పీడీ కొలుస్తుంటే తేడా వస్తోంది."

"వందమందికి కొలిచావు, ఇప్పుడేం వచ్చిందిరా? చెయ్యి వణుకుతోందా?"

"...కొంచెం."

"ఎవరికి కొలుస్తున్నావు?"

"క్లాస్‌మేట్‌కి."

"అబ్బాయికా, అమ్మాయికా?"

"అమ్మాయినేనండీ," అంది ఎక్స్‌ప్రెస్ ఫోను దగ్గరికి వంగి. "నమస్తే ఆంటీ. మీవాడు మూడుసార్లు కొలిచాడు, మూడు మొహాలకి సరిపడా అంకెలు చెప్పాడు."

అటు వైపు అమ్మ గొంతులో నవ్వు వినిపించింది. "వాడి నుదుటికి నీ వేళ్ళు ఆనించి తల కదలకుండా పట్టుకోమ్మా. ఒరేయ్, ఊపిరి బిగబట్టి ఒక్కసారి కొలువు. కొలతయ్యాక ఆ అమ్మాయిని షాపుకి తీసుకురా, నేను మళ్ళీ సరిచూస్తా."

"దేనికమ్మా?"

"కొలతకిరా. ఇంకా దేనికనుకున్నావు?"

ఆమె వేళ్ళు అతని నుదుటి మీద చల్లగా తగిలాయి. అంకె దొరికింది. ఎలా దొరికిందో అతనికే తెలియదు.

*

పరీక్ష మొదలైంది. మేడమ్ ఒకే ఒక్క నియమం చెప్పారు. "కాపలావాళ్ళు నోరు విప్పకూడదు. మాటతో దారి చూపిస్తే పరీక్ష పోయినట్టే."

కళ్ళజోడు చక్రం తిప్పి, స్కేలుతో ఒకటికి రెండుసార్లు చూసుకుని, హెడ్‌సెట్టు ఆమెకిచ్చాడు. ఆమె పెట్టుకుంది. మొదటి అడుగు వేసింది. అతను వైరు ఎత్తి పట్టుకుని వెనకే కదిలాడు.

రెండో అడుగు, మూడో అడుగు. ఆమె చెయ్యి గాల్లోకి లేచి, వసారా స్తంభాన్ని తడిమి, ఆగింది.

"ఒక్కటే ఉంది," అంది మెల్లగా. "మేడమ్, స్తంభం ఒక్కటే ఉంది! ఇన్నాళ్ళూ రెండున్నాయనుకున్నా."

తలుపు తీసింది. నడవాలోకి వెళ్ళింది. అక్కడి నుంచి ఎక్స్‌ప్రెస్‌ని ఆపేవాళ్ళు లేరు.

"అబ్బ, వాన! చూరు నీళ్ళు చూడు ఎలా జారుతున్నాయో, ఇది నువ్వే చేశావా, నమ్మను, ఎవరి దగ్గర కాపీ కొట్టావు? ఇదిగో కిటికీ. బయట వీధి కనిపిస్తోంది. బల్ల, బల్ల మీద రెండు కప్పులు. కుర్చీ." ఆగింది. "ఒక్కటే కుర్చీ ఉందేమిటి?"

అతను స్టూలు నిశ్శబ్దంగా జరిపి సరిగ్గా ఆ కుర్చీ చోట పెట్టాడు. ఆమె తడిమి చూసుకుని కూర్చుంది.

"కప్పులు రెండు, కుర్చీ ఒకటి. రెండో మనిషి ఎక్కడ కూర్చోవాలి? ఓహో, నువ్వు మాట్లాడకూడదు కదూ. పాపం." ఆమె పెదవుల మీద నవ్వు క్లాసంతా చూసింది. "గడికి ఒకటే స్టూలని ఒకటే కుర్చీ వేశావు. నువ్వు బయట వైరు పట్టుకుని నిలబడతావు కాబట్టి నీకు అక్కర్లేదనుకున్నావు. మరి రెండో కప్పు ఎవరికోసం పెట్టావు బాబూ?"

కళ్ళజోడు చెవులు కాలిపోతున్నాయి. ఎటు చూసినా ఎవరో ఒకరు తననే చూస్తున్నారు.

"సరే, నేనే చెప్తా. నువ్వంటే నాకిష్టం. పంపు దగ్గరికి నీళ్ళసీసాతో వస్తావు చూడు, అప్పట్నుంచి. నోరు మంచిది కాదు నీకు, అయినా ఇష్టం. పొద్దున్న ఆ చక్రం గుట్టుగా తిప్పేసి నేనే కనిపెట్టానని కోతలు కొయ్యొచ్చు, కొయ్యలేదు. అందుకు మరీ ఇష్టం. ఇప్పుడు నీ సంగతి. మాట్లాడొద్దు, పరీక్ష పోతుంది. నేనంటే నీకూ ఇష్టమైతే ఆ వైరు కొంచెం లాగు. లేదంటే వదిలెయ్, నేనిక్కడ కూర్చుని వాన చూసుకుంటా."

కళ్ళజోడు మేడమ్ వైపు చూశాడు. మేడమ్ కిటికీలోంచి బయటికి, నిజం వాన వైపు చూస్తున్నారు.

అతను లాగాడు. కొంచెం లాగమంటే, ఉన్న బలమంతా పెట్టి లాగాడు. హెడ్‌సెట్టు పక్కకి ఒరిగింది, ఆమె స్టూలుతో సహా అతని వైపు వాలిపోయింది. అతను భుజం అడ్డుపెట్టి ఆపాడు. క్లాసంతా ఒక్కసారిగా ఈలలు వేసింది.

"మేడమ్, కాపలావాడు సాయం చేశాడు!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

"దారి చూపించకూడదన్నాను," అన్నారు మేడమ్, కిటికీ వైపు నుంచి తిరగకుండానే. "ప్రేమించకూడదని అనలేదు. అందరూ కూర్చోండి, పరీక్ష ఇంకా అవలేదు."

ఎక్స్‌ప్రెస్ హెడ్‌సెట్టు సరిచేసుకుని స్టూలు మీద బాసింపట్టు వేసుకుంది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆమె అంతసేపు మాట్లాడకుండా ఉండటం ఆ క్లాసులో ఎవరూ చూసి ఎరగరు.

"మేడమ్, ఇంకా ఎంతసేపుంది?" అని అడిగింది చివరికి.

మేడమ్ చప్పున తిరిగారు. కళ్ళజోడు వైరు గట్టిగా పట్టుకుని ఆమె మొహంలోకి చూశాడు.

"పది నిమిషాలు. ఏమ్మా, తల తిరుగుతోందా? తీసెయ్యాలనుందా?"

"అబ్బే, కాదు మేడమ్," అంది ఎక్స్‌ప్రెస్. "ఇంకో పీరియడ్ ఉండొచ్చేమో కనుక్కుందామని."